గెలిచిన రోజు ఉత్తరం

ప్రియమైన శ్రీమతికి,

గెలిస్తే ఫోన్, ఓడితే ఉత్తరం. ఓడిన రోజు మాట్లాడుకుంటే పోట్లాటేనని మనం పెట్టుకున్న ఒప్పందం. కాబట్టి ఇది చూడగానే నీకు విషయం తెలిసిపోయి ఉంటుంది.

మా క్లబ్బు ప్రెసిడెంటు ఎక్కడో పెద్ద జట్ల ఆట చూసొచ్చాడు. గోల్‌కీపర్ బంతిని దూరంగా తన్నకూడదట. పక్కనున్నవాడికి చిన్న పాస్ ఇచ్చి, అక్కణ్ణుంచి ఆట అల్లుకుంటూ రావాలట. ఇప్పుడదే ఫ్యాషన్. మా కీపర్ చేతులు బంగారం, కాళ్లు మాత్రం మంచంకోళ్లు. ఇవాళ అతనిచ్చిన పాస్ నేరుగా ఎదుటి జట్టు ఫార్వర్డ్‌కే చేరి, గోల్ పడిపోయింది. తల కొట్టేసినట్టయింది. ప్రెసిడెంటేమో నా భుజం తట్టి, "ఓడినా అందంగా ఓడాం" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

క్లబ్బు ఇచ్చిన ఇంట్లో కిటికీలకు పాత కోచ్ కట్టిన దుప్పట్లే వేలాడుతున్నాయి. పాపని తీసుకుని ఎప్పుడొస్తావు?

ఇంత ఇంట్లో ఒక్కణ్ణే పడున్న నీ ఒంటిపిల్లి రాకాసి


ప్రియమైన కోచ్ గారికి,

నా మాట మారదు. ఎన్ని ఊళ్లు తిరిగాం! సామాను విప్పేలోపే మిమ్మల్ని తీసేస్తారు. పాపకి స్నేహితులు కుదిరేసరికి మళ్లీ పెట్టే బేడా సర్దాలి. ఒక్క సీజన్ నిండా ఒకచోట కుదురుగా ఉండండి, అప్పుడొస్తాం. ఆ ప్రెసిడెంటు చెప్పినట్టే ఆడించి ఉద్యోగం నిలబెట్టుకోండి. నేనిక్కడ కుట్టుమిషన్ మీద నడుం విరగ్గొట్టుకుంటున్నది దేనికనుకున్నారు?

కిటికీల కొలతలు పంపండి. ఆ దుప్పట్లు తలుచుకుంటేనే కంపరంగా ఉంది.

కోపంగానే ఉన్న మీ ఆవిడ


ప్రియమైన నీకు,

ఇవాళ గెలిచాం. అయినా ఉత్తరమే రాస్తున్నాను.

కొలతలు పంపినప్పటి నుంచీ నువ్వన్నట్టే పళ్లబిగువున నెట్టుకొచ్చాను. ఇవాళ సగం ఆట అయ్యాక కీపర్ బూట్లు విప్పేసి కూర్చున్నాడు. "సార్, నా వల్లే ఓడుతున్నాం. మా ఇంట్లోవాళ్లు కూడా నా ఆట చూడ్డం మానేశారు. నన్ను తీసేయండి" అన్నాడు. "బూట్లేసుకో. బలంకొద్దీ తన్ను" అన్నాను. అతను తన్నిన బంతి అందర్నీ దాటి మా ఫార్వర్డ్ ముందు పడింది. గోల్!

ఆట కాగానే ప్రెసిడెంటు పిలిచాడు. "గెలవడానికేముందండీ, ఎవరైనా గెలుస్తారు. మన క్లబ్బుకో స్టైలుండాలి కదా" అన్నాడు. కొత్త కోచ్‌ని అప్పటికే పక్కగదిలో కూర్చోబెట్టాడు.

నువ్వు చెప్పినట్టు ఉద్యోగం నిలబెట్టుకోలేకపోయాను. ఫోన్ చేసే ముఖం లేదు.

నీ పనికిరానివాడు


ప్రియమైన మొండిఘటానికి,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. మీ మీద కోపంతో కాదు. ఓడితే భుజం తట్టి, గెలిస్తే గెంటేసిన ఆ పెద్దమనిషి మీద.

ఆ మ్యాచ్ మేమూ టీవీలో చూశాం. కీపర్ బంతి తన్నగానే పాప మంచమెక్కి గెంతింది. నేనూ కేకలు పెట్టాను. అతనలా బూట్లు విప్పి కూర్చుంటే మీరు ఉద్యోగం కోసం నోరు మూసుకునుంటే, నేను పాపకి ఏం చెప్పుకునేదాన్ని? అలా ఉండమని రాసింది నేనే. ఆ ఉత్తరం చింపేయండి.

కర్టెన్లు ఎప్పుడో కుట్టేశాను. మిమ్మల్ని ఎరగనా? కింద జానెడు మడత వదిలే కుట్టాను. తర్వాతి ఇంటి కిటికీలు ఎంత పొడుగున్నా విప్పుకుంటే సరిపోతాయి. ఈసారి ఏ ఊరైనా ముగ్గురం కలిసే వెళ్తున్నాం.

గెలిచిన రోజు ఉత్తరమేమిటండీ? ఫోన్ చేయండి.

మీ ఆవిడ