విన్నట్టా, చేసినట్టా

మస్కట్

వదినగారికి మీ గయ్యాళి ఆడపడుచు పద్మ దణ్ణం పెట్టి రాసేది. నేను కులాసా. మామిడికుదురులో మీరూ, అన్నయ్యా, పిల్లలూ కులాసాయే కదా? అమ్మ మోకాళ్ళెలా ఉన్నాయి? ఫోన్లో చెబుదామంటే సగంలో "పొయ్యి మీద పాలు" అంటారు మీరు. అందుకే ఉత్తరం.

ఇక్కడ ఎండ మండిపోతోంది. తిండికి లోటు లేదు గానీ, పనసాకు బుట్టల్లో మీరు ఉడికించే పొట్టిక్కలు తలుచుకుంటే ఏడుపొస్తోంది. ఒంటరిగానే ఉంది వదినా, అబద్ధమెందుకు. బెంగ మాత్రం పెట్టుకోకండి.

నా పనేమిటని అడిగేరు కదా. గ్యాసు ప్లాంటు కంట్రోలు రూములో మనుషులు చూసే తెరలు గీస్తాను. ఎక్కడైనా ప్రెషరు పెరిగితే తెర మీద ఎర్ర గుర్తు వెలుగుతుంది, మోత మోగుతుంది. చూసేనని మనిషి బటన్ నొక్కాలి, ఆ తర్వాత గ్యాసు ఆగేలా వాల్వు మూయాలి.

ప్లాంటు మొదలెట్టే ముందు ఉత్తుత్తి ప్రమాదం పెట్టి పరీక్ష చేసేరు. తెర ముందు మన రాజోలు వెంకన్నగారు. ఆయన బటన్ నొక్కగానే మోతా ఆగింది, ఎర్ర గుర్తూ పోయింది. ఇంతలో ఇంకో మోత, అటు తిరిగేరు. హైదరాబాదు సూపర్‌వైజరు "వెంకన్నగారూ, వాల్వు!" అని అరిస్తే "ఆయ్" అన్నారు. మూసేసేరనుకున్నాడు అతను. వాల్వు తెరిచే ఉంది! నిజమైతే కొంప కొల్లేరయ్యేది. వెంకన్నగారిని ఇంటికి పంపేస్తామన్నారు.

నాకు ఒళ్ళు మండింది. మీటింగులో లేచి చెప్పేను. "మా ఊళ్ళో సత్తిబాబుని కొబ్బరికాయలు దింపమంటే 'ఆయ్' అంటాడు. విన్నానని అర్థం, చెట్టెక్కేనని కాదు. మా వదిన అలా చెట్టుకేసి చూస్తూనే ఉంటుంది. ఈ బటనూ అంతే. విన్నానంటే చాలు, పనైపోయినట్టు గుర్తు మాయం చేసేస్తోంది. తప్పు తెరది, మనిషిది కాదు."

అందరూ నవ్వేరు. మా పై ఆఫీసరు మాత్రం "అయితే మార్చి చూపించు" అన్నారు.

ఇప్పుడు నొక్కితే మోతే ఆగుతుంది. వాల్వు నిజంగా మూసుకునేదాకా ఎర్ర గుర్తు కదలదు. మళ్ళీ పరీక్ష పెట్టేరు. మధ్యలో ఇంకో మోత మోగినా, ఎర్ర గుర్తు చూసి వెంకన్నగారు మళ్ళీ వాల్వుకేసి తిరిగేరు. మూసేరు వదినా! ఆయన్ని ఉంచేసేరు. నాకు కళ్ళనీళ్ళొచ్చేయి.

రాజోలులో వాళ్ళావిడ కనిపిస్తే ఈ సంగతి ఎత్తకండి, ఆవిడకి చెప్పలేదట. రావులపాలెం నుంచి ఎవరైనా వస్తుంటే ఎండు రొయ్యలు పంపండి, వాసన రాకుండా గట్టిగా కట్టి. నా పక్క గది మలయాళీ పిల్ల కూడా అడుగుతోంది.

సోమవారం ప్లాంటు నిజంగానే మొదలవుతుంది. తెర ముందు వెంకన్నగారే కూర్చుంటారు. పెద్దలందరికీ నా దణ్ణాలు చెప్పండి. ఏదైనా తేడా వస్తే మనిషి కంటే ముందు తెరని తప్పు పట్టమనీ, ఆ తెర గీసింది నేననీ పైవాళ్ళకి సంతకం పెట్టి ఇచ్చేను. అందుకని అమ్మని ఈసారి నన్నొక్కదాన్నే కాదు, వెంకన్నగారిని కూడా కలిపి దీవించమనండి.

ఇట్లు,
మీ పద్మ