గేటు ముందు లాంచీ

ప్రియమైన అక్కకి,

ఆనకట్ట తీసేయాలని దిగువన వలలేసే మీ వాళ్ళు ఊరేగింపు చేశారట, ముందు నడిచింది నువ్వేనట. జలాశయం ఖాళీ అయితే నా లాంచీ ఎక్కడ తిరుగుతుంది, రోడ్డు మీదా? రేపే దాన్ని తెచ్చి గేటు ముందు కట్టేస్తాను. నేనూ అందులోనే ఉంటాను. ఎవడు తెరుస్తాడో చూస్తా.

కోపంతో,
నీ తమ్ముడు

ప్రియమైన లాంచీ సరంగుకి,

నీ కోపం అందింది. ఇక్కడ ఆనకట్ట దిగువన మడుగులు తప్ప నది లేదు. వాటిలో చేపలు చచ్చి తేలుతున్నాయి. మీ బావ వల అటక మీద పడేసి సిమెంటు బస్తాలు మోస్తున్నాడు. ఆ గోడ కరెంటు ఇవ్వడం మానేసి చాలా కాలమైంది. పగుళ్ళిచ్చిందని ఇంజనీర్లే చెప్పారు. నేను తగ్గను. కానీ గేటు ఎత్తితే ఆ వడికి కొట్టుకుపోతావురా. లాంచీ ఒడ్డుకు చేర్చు. ఆ తర్వాత తీరిగ్గా కొట్టుకుందాం.

నీకంటే మొండిదైన
అక్క

ప్రియమైన మొండిదానికి,

గేటు ఎత్తమని ఆర్డరు వచ్చిందట, గేటు మనిషి వచ్చి బతిమాలాడు. "మీకేమైనా అయితే నా ఉద్యోగం పోతుందండీ" అన్నాడు. "నేనే పోయాక నీ ఉద్యోగంతో నాకేం పని?" అన్నాను. కదలను.

తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

నీళ్ళొచ్చాయి. మీ బావ మోకాలి లోతులో నిలబడి పిచ్చివాడిలా నవ్వుతున్నాడు. నాకు నవ్వు రావడం లేదు. వారాలు గడిచాయి, నీ నుంచి ఒక్క ముక్క లేదు. తిడుతూ రాసినా సరే, రాయి.

అక్క

ప్రియమైన అక్కకి,

బతికే ఉన్నాను. నేనున్నానని గేటు కొద్దికొద్దిగా ఎత్తారు. నీళ్ళతోపాటే లాంచీ దిగి బురదలో కూర్చుంది. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయిన మన వీధి చుట్టూ బయటపడింది. నాన్నను ఖాళీ చేయించిన ఇంటి మెట్లు ఇక్కడినుంచే కనిపిస్తున్నాయి.

నిన్న సర్వే వాళ్ళు వచ్చి కొయ్యలు పాతారు. ఈ నేల ఏదో హోటలుకు ఇస్తారట. లాంచీ తీసేయమన్నారు. "ముందు నీళ్ళు తెప్పించండి సార్, తీస్తాను" అన్నాను. వాళ్ళు వెళ్ళగానే కొయ్యలు పీకి పొయ్యిలో పెట్టాను. బాగా మండాయి.

నది విషయంలో నువ్వే గెలిచావు. ఆ మాట నాతో మళ్ళీ మళ్ళీ అనిపించకు. ఈ నేల మాత్రం వదిలేది లేదు. మన వీధి వాళ్ళందరికీ కబురు పెట్టాను. ఊరేగింపు చేయడం నీకు తెలుసు, మీ వాళ్ళను తీసుకొని రా. డెక్కు మీద అందరికీ చోటు చాలదు. బురద మాత్రం కావలసినంత ఉంది.

ఎదురుచూస్తూ,
నీ సరంగు