ఫారంలో పదకొండో ప్రశ్న

అత్తయ్యా,

మోకాలి ఆపరేషను గాయం మానిందని వదిన చెప్పింది. ఇంకొన్నాళ్ళు గోడ పట్టుకునే నడవండి. పాప ఎలా ఉందని ఫోన్లో అడిగిన ప్రతిసారీ బాగుందనే చెప్పాను. నోటితో చెప్పలేని మాట ఒకటుంది, అందుకే రాస్తున్నాను.

ఆపరేషనుకని మీరు వదినవాళ్ళింటికి వెళ్ళాక పాపని పక్కవీధిలో పిల్లల్ని చూసుకునే ఒకావిడ దగ్గర ఉంచాను. రెండోరోజే నా చేతికిచ్చేసి, పిలిస్తే పలకదు, చెప్తే వినదు, నా వల్ల కాదమ్మా అంది. మీ అబ్బాయి లారీ ఎక్కితే పది రోజులకిగాని ఇల్లు చేరరు. ఆసుపత్రి లాండ్రీలో ఇంకో రోజు సెలవడిగితే నా పని ఊడేలా ఉంది. పనికెళ్ళే తల్లుల పిల్లలకి మూడేళ్ళు నిండితే ప్రభుత్వమే ఖర్చు పెట్టుకుని పిల్లల కేంద్రంలో చోటిస్తోందని అప్పుడే తెలిసింది. పరుగున వెళ్ళాను.

ఫారంలో పదకొండో ప్రశ్న దగ్గర చెయ్యి ఆగిపోయింది. పాప రెండు మూడు మాటలు కలిపి మాట్లాడుతుందా అని అడిగారు. అమ్మ అని కూడా సరిగ్గా అనదని మీకు తెలుసు కదా. నిదానంగా వస్తాయిలే అని మీరనేవారు, నేనూ ఆ మాట పట్టుకునే రోజులు నెట్టుకొచ్చాను. లేదని రాస్తే ఇక్కడా తిప్పి పంపేస్తారని భయమేసింది. అవునని టిక్కు పెట్టేశాను. చోటిచ్చారు.

ఆరు వారాలుగా కంటిమీద కునుకు లేదు. దుప్పట్లు మడత పెడుతున్నా ఫోను మోగిందేమోనని చూసుకుంటున్నాను. సాయంత్రం టీచరమ్మ మొహం చూడకుండా పాపకి చెప్పులు తొడిగి లాక్కొచ్చేస్తున్నాను. నిన్న ఆవిడే గేటు దగ్గర ఆపి, ఫారం గురించి మాట్లాడాలి, వచ్చే గురువారం రమ్మంది. చోటు తీసేస్తారు. తప్పు రాసినందుకు ఇంకేం చేస్తారో తెలీదు. వాళ్ళు పంపించేలోపు నేనే మాన్పించి, పని కూడా వదిలేద్దామనుకుంటున్నాను. మీ అబ్బాయికి ఇంకా చెప్పలేదు.

తిట్టినా సరే, ఒక్క ముక్క రాయండి.

మీ కోడలు

*

అత్తయ్యా,

మీ జవాబు ఆ గురువారం పొద్దున్నే అందింది. "దాక్కోకు, వెళ్ళు. మాటలు నిదానంగా వస్తాయన్నది నేనేనని చెప్పు" అని రాశారు. బస్సులో నాలుగుసార్లు చదువుకున్నాను. మీ మాట మాత్రం అక్కడ ఎత్తలేదు. పరీక్షలన్నీ తేలాక రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను.

టీచరమ్మ ఫారం తీయగానే, ఆవిడ అడక్కముందే అనేశాను. "అబద్ధం రాశానండీ. పాపకి మాటలు రావు."

"మొదటి వారంలోనే తెలిసిందమ్మా" అంది. "మీరే చెప్తారని చూశాను. ఇంక ఆగకూడదనే రమ్మన్నాను. మాటలు రాని పిల్లలకి ప్రభుత్వం ఎక్కువ గంటలిస్తుంది, చెవి పరీక్ష కూడా చేయిస్తుంది. లేదని రాసుంటే అవన్నీ అప్పుడే వచ్చేవి."

గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది. కొత్త ఫారం ఇచ్చింది, లేదని రాశాను. చోటు తియ్యలేదు.

పరీక్షలు చేస్తే రెండు చెవుల్లోనూ, లోపల పొర వెనక, చిక్కటి నీరు పేరుకుందని తేలింది. మనం పిలిచే పిలుపు దానికి నీళ్ళ అడుగునుంచి విన్నట్టు ఉండేదట. పలకని మొండిఘటం అనుకుని రెండుసార్లు కొట్టాను అత్తయ్యా. అది ఏ ఫారంలోనూ ఎవరూ అడగలేదు. మీకు చెప్తున్నాను, మొన్న మీ అబ్బాయికీ చెప్పాను. ఆయన పాపని ఒళ్ళోకి తీసుకుని, అది నిద్రపోయేదాకా దించలేదు.

ఆ నీరు బయటికి పోయేందుకు సోమవారం చెవుల్లో సన్నటి గొట్టాలు పెట్టారు. మాట ఇంకా రాలేదు. ఎప్పటికొస్తుందో డాక్టరుగారూ చెప్పలేదు. కేంద్రానికి వారానికి రెండుసార్లు మాటలు నేర్పే టీచరు వస్తోంది, ఆవిడా చూద్దాం అంటోంది. నా భయం పూర్తిగా పోలేదు.

నిన్న వంటింట్లో బకెట్టు పెట్టి పంపు తిప్పాను. ముందు గదిలో ఆడుకుంటున్న పాప ఉలిక్కిపడి, ఆ చప్పుడు వెతుక్కుంటూ వచ్చింది. పంపు కట్టేసింది, తిప్పింది, మళ్ళీ కట్టేసి నా మొహంలోకి చూసింది. అదే ఆటగా తిప్పుతుంటే బకెట్టు పొంగి నీళ్ళు నా కాళ్ళమీదికి వచ్చినా వద్దనలేదు.

మీరొచ్చినప్పుడు గుమ్మంలోంచే దాన్ని పిలవండి. తిరిగి చూస్తుంది.

మీ కోడలు