ముద్ర ఉన్న వైపు

ప్రియమైన బావమరిదికి ఆశీస్సులు.

వెలుగును చూడకముందే ప్రాణి శబ్దాన్ని వింటుంది. తల్లి గర్భంలో ఉండగానే మన మాటలు దాని చెవిని చేరతాయంటారు. కనుక పుట్టబోయే బిడ్డకు పెద్దలు ఇవ్వదగిన తొలి కానుక తమ కంఠస్వరమే. అమ్మాయికి నెలలు నిండుతున్న ఈ శుభవేళ ఆ కానుకను సిద్ధం చేయదలచి నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమ్మాయి కోరినది ఒక్కటే. తనను నిద్రపుచ్చిన జోలపాటను తన బిడ్డ కూడా అమ్మమ్మ గొంతులోనే వినాలట. నీకు తెలిసిందే, గొంతుకు ఆపరేషన్ జరిగిన నాటినుండి మీ అక్కయ్య పాట మానేసింది. మాట చక్కగా తిరిగి వచ్చింది గాని, పాట రాలేదంటుంది. బతిమాలాను. "పగిలిన గ్లాసుతో పసిబిడ్డకు పాలు పడతామా అండీ?" అని నా నోరు మూయించింది.

ఇక మిగిలినవి నా పద్యాలు. ఆ పాట లేని లోటు వీటితో తీరదని ఎరిగియు, వీటినే ఇంట్లో రికార్డు చేసి పంపదలచాను. కండెన్సర్ మైకు కావాలని దుకాణదారు చెప్పాడు. చూపించినవాటిలో ఒకటి నా పింఛనును అమాంతం మింగేలా ఉంది, మరొకటి ఆటబొమ్మలా ఉంది. నాటకాల స్టూడియోలో శబ్దం పట్టడమే వృత్తిగా ఉన్నవాడివి. నా స్తోమతకు తగినది ఏదో చెప్పి పుణ్యం కట్టుకో.

నీ మేలు కోరే,
బావ

---

ప్రియమైన బావగారికి నమస్కారాలు.

మీ పెళ్ళిలో మీరు చదివిన పద్యాలకి నేను హాయిగా నిద్రపోయాను. కాబట్టి బిడ్డ నిద్ర గురించి మీకు బెంగ అక్కర్లేదు.

కండెన్సర్ అంటే మరీ పదును చెవుల మైకు. గొంతులోని సన్నని జీరని కూడా వదలదు. చిక్కు కూడా అదే, ఫ్యాను మోత, అక్క కుట్టుపని కత్తెర చప్పుడు, అన్నీ వినేస్తుంది. అందుకని డబ్బా మీద కార్డియాయిడ్ అని రాసి ఉన్నది తీసుకోండి. అది ఎదురుగా ఉన్నది బాగా వింటుంది, వెనకున్నది పెద్దగా పట్టించుకోదు. అక్క పిలిచినప్పుడు మీ చెవులు చేసే పనే.

నేరుగా కంప్యూటర్‌కి తగిలించే యూఎస్‌బీ రకం చాలు. వేరేవాటికి కరెంటు అందించడానికి ఇంకో పెట్టె కొనాలి. స్టాండూ స్పాంజి తొడుగూ తీగలూ అన్నీ కలిపి పెద్ద డబ్బాలో అమ్మేవి ముట్టుకోకండి. వాటిలో మైకు కంటే డబ్బాయే గట్టిగా ఉంటుంది! మిగిలిన డబ్బుతో బరువైన స్టాండూ, నోటిగాలిని ఆపే జాలీ కొనండి. గదిలో దుప్పట్లు వేలాడదీస్తే గోడల మారుమోత తగ్గుతుంది. నోటికీ మైకుకీ జానెడు దూరం ఉంచండి.

అక్కని బలవంతపెట్టకండి. నాకూ ఆ జోలపాటే గదా. అమ్మ పనికి వెళ్తే నన్ను పడుకోబెట్టింది అక్కే. మళ్ళీ వినాలని నాకూ ఉంది. అయినా అడగను.

మీ
బావమరిది

---

ప్రియమైన బావమరిదికి ఆశీస్సులు.

నీవు చెప్పిన రకమే కొన్నాను. నీ సలహా నిష్ఫలమైనదని చెప్పవలసి వస్తున్నందుకు విచారిస్తున్నాను.

దుప్పట్లు కట్టాను, జాలీ బిగించాను, జానెడు దూరం కొలిచి కూర్చున్నాను. మైకుకు ఒక పక్క పెద్దగా కంపెనీ ముద్ర ఉన్నది. పద్యం చదువుతుండగా కళ్ళెదుట వ్యాపార చిహ్నమేమిటని దానిని అటువైపు తిప్పాను. ఆ తరువాత గొంతెత్తి చదివాను. ఎదురు కుర్చీలో మీ అక్కయ్య పుట్టబోయే బిడ్డకు బొంత కుడుతూ నన్నూ మైకునూ మార్చి మార్చి చూసి, "ఏవండీ, ఒక్కమాట" అన్నది. పద్యం మధ్యలో మాట్లాడవద్దని చేయి చూపించాను.

తీరా వింటే, నేను నూతిలోనుండి చదువుతున్నట్లున్నది. కత్తెర చప్పుడు మాత్రం చెవి పక్కనే కోసినంత స్పష్టం! వినికిడి పెంచే మీట చివరిదాకా తిప్పి మళ్ళీ చదివాను. ఈసారి యంత్రాన్ని ఆపకుండానే, విసుగుతో అలాగే వదిలి సాయంకాలపు నడకకు వెళ్ళిపోయాను. వచ్చాక మొదటి పద్యం విని కట్టేశాను. అదంతా ఈ మెమరీ కార్డులో ఉన్నది. విని, ఇది దుకాణానికి తిరిగి ఇచ్చివేయదగినదేనని రెండు ముక్కలు రాయి.

విసిగిన
బావ

---

ప్రియమైన బావగారికి,

మైకు తిరిగి ఇవ్వకండి. మీ కాళ్ళకి దణ్ణం పెడతాను, ఇవ్వకండి!

తప్పు నాది. ఆ రకం మైకుకి చెవి ముద్ర ఉన్న వైపే ఉంటుందని చెప్పడం మరిచాను. మీరు దాని వీపుకి పద్యాలు చదివారు. ముఖం అక్క వైపు ఉంది.

మీరు మొదటి పద్యంతో కట్టేశారు. నేను చివరిదాకా విన్నాను. మీ పద్యాలు అయ్యాయి, తలుపు చప్పుడైంది. ఫ్యాను ఆగింది, అక్కకి చలి వేసి ఉంటుంది. కుర్చీ జరిగిన చప్పుడు. ఆ తర్వాత అక్క.

జోలపాట మొత్తం పాడింది బావగారూ. గొంతు కాస్త కిందికి దిగింది. పై స్వరం దగ్గర ఒకచోట జీరబోయింది, ఆగి, మళ్ళీ అందుకుంది. స్టూడియోలో అందరి ముందూ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఏడ్చాను. యంత్రం పాడైందా అని మా నటుడొకడు అడిగాడు.

తనలో తాను పాడుకుంది పాపం. అక్కకి చెప్పకండి, సిగ్గుపడి మానేస్తుంది. మైకు తిప్పకుండా రోజూ నడకకి వెళ్ళండి. మీ ఆరోగ్యానికీ మంచిది.

మీ
బావమరిది

---

ప్రియమైన బావమరిదికి, మనఃపూర్వక ఆశీస్సులు.

మనుమరాలు పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

నీ మాట నేను నిలుపలేకపోయాను. నీ ఉత్తరం చదివిన నా ముఖమే మీ అక్కయ్యకు అంతా చెప్పివేసింది. సిగ్గుపడుతుందని భయపడ్డాను. ఆమె ఆ ఉత్తరం లాక్కుని చదివి పగలబడి నవ్వింది.

"పెట్టె విప్పిన రోజే లోపలి కాగితం చదివాను. ముద్ర ఉన్న వైపు మాట్లాడాలని బొమ్మ వేసి మరీ ఉంది. చెబుదామంటే మీరు చేయి చూపించారు."

"అయితే తెలిసే పాడావా?"

"తెలియకుండా పాడితే ఫ్యాను ఎందుకు కట్టేస్తానండీ? మా తమ్ముడికి ఇన్నేళ్ళ అనుభవం ఉండి ఏం లాభం, నాకు చలి వేసిందట!"

నేను అడిగినప్పుడు ఎందుకు పాడలేదన్నాను. ఆమె బొంత మడిచి పక్కన పెడుతూ అన్నది. "మీరు ఎదురుగా కూర్చుంటారు. ఎక్కడ జీరబోతుందోనని నాకంటే ముందు మీ ముఖం ముడుచుకుంటుంది. అది చూసి నా గొంతు బిగుసుకుపోతుంది. ఆ మైకుకి నేను ముందెలా పాడేదాన్నో తెలియదు కదా. ఇప్పుడెలా ఉందో అలా విన్నది."

ఇన్నేళ్ళు కావ్యాలు బోధించిన నాకు వినడం రాలేదు. నేర్పినందుకు నీకూ, ఆమెకూ, తన వీపును చూపి నన్ను మౌనంగా ఉంచిన ఆ చవక వస్తువుకూ కృతజ్ఞుడను.

ఆ మర్నాడు మైకు ముందు మళ్ళీ పాడింది. ఈసారి నన్ను గదిలో ఉండనిచ్చింది, గోడవైపు తిరిగి కూర్చోవాలన్న షరతు మీద. రికార్డు చేసి పంపిన ఆ పాట వింటూ మనుమరాలు కళ్ళు మూసుకుని ఒదిగిపోయిందని అమ్మాయి చెప్పింది. ముద్ర వైపు తిరిగి నేను చదివిన పద్యాలు వినిపిస్తే గుక్కపట్టి ఏడ్చిందట. నీవు పెళ్ళిలో నిద్రపోయిన మాట నిజమేనా అని ఇప్పుడు అనుమానం కలుగుతున్నది.

పాట నకలు నీకూ పంపుతున్నాను. నీవు అడగనన్నావని మీ అక్కయ్యే పంపమన్నది.

పుట్టిన ఈ పసికందుకూ, ఆమె తరువాత రాబోయే వారందరికీ, జీరబోయిన చోట ఆగి మళ్ళీ అందుకునే గొంతు కలుగుగాక. ఆ గొంతును ఉన్నది ఉన్నట్లుగా వినే చెవులు వారి ఎదుట ఎల్లప్పుడూ ఉండుగాక.

శుభం.
గోడవైపు తిరిగి కూర్చున్న
మీ బావ