ఊహించడం మానుకున్న శిరీష

శుక్రవారం రాత్రి, తిరువూరు

మా మనవరాలు మెడికల్ కోడింగ్ పరీక్ష పాసయింది! పాసైతేనే విజయవాడ ఆసుపత్రిలో ఉద్యోగం. ఈసారీ తప్పితే తన ఎరువుల కొట్లో కూర్చోబెడతానని వాళ్ళ నాన్న భీష్మించాడు.

కేసు షీట్లో డాక్టరు రాసిన జబ్బుకే కోడు, అంటే ఓ గుర్తు నంబరు, ఇవ్వాలట, రాయనిది ఊహించకూడదట. కిందటిసారి శిరీష అన్నీ ఊహించే తప్పింది. మా వంశంలో ఎవరు తుమ్మినా జబ్బు పేరు మేమే పెట్టేస్తాం మరి! అందుకే రోజూ నేనే దాన్ని పరీక్షించాను.

"జ్వరం, దగ్గు, రాత్రిళ్ళు చెమటలు. ఏం జబ్బే?"

"జ్వరం, దగ్గు, చెమటలు. అంతే నాయనమ్మా. టీబీ అని డాక్టరుగారు రాయలేదుగా!"

గట్టెక్కుతుందని అప్పుడే అనుకున్నాను.

సాయంత్రం మావాడు కొట్టుకి వచ్చిన రైతులందరికీ లడ్డూలు పంచుతూ, "అంతా నా పట్టుదలేనండీ" అంటున్నాడు. సిగ్గు మొలిపించే ఎరువు కూడా అమ్మితే బాగుండును.

రోజూ అంతదూరం బస్సులో పోయి రావాలి పిల్ల. వేళకు తింటుందో లేదో...

"ఇంక కొట్లో నాకు తోడెవరమ్మా?" అన్నాడు మావాడు.

"సోమవారం నుంచి నేనొస్తాగా" అన్నాను.

లడ్డూ వాడి గొంతుకి అడ్డం పడింది.