సార్జెంట్ లార్క్‌కి పడిన మూడో ముక్క

అక్టోబర్ 3, మంగళవారం

బాయిలర్ మళ్ళీ మూలపడింది. బాగుచేసేవాడు పది రోజుల దాకా రానన్నాడు. లైబ్రరీ మేడమీద గదిలో మంగళవారం సాయంత్రాలు హీటర్ వేస్తారని తెలిసి అక్కడికి వెళ్ళాను. వెళ్ళింది వెచ్చదనం కోసమే. రేపు నాకు నేనే అబద్ధం చెప్పుకోకుండా ఆ మాట ముందే రాసి పెట్టుకుంటున్నాను.

ఆ గదిలో నడుస్తున్నది కథలు రాయడం నేర్పే క్లాసు. నేర్పేది పెట్రా లమ్. నలభై ఏళ్ళుంటాయి. వేళ్ళు పది, ఉంగరాలు పన్నెండు. మొన్నటిదాకా లాయరు దగ్గర ఫైళ్ళు సర్దేదట. ఇప్పుడు టారో కార్డులు పరిచి పాత్రలను పుట్టిస్తోంది. ఇది జాతకం కాదు, జాతకం కాదు అని మూడుసార్లు చెప్పింది. బతికున్న మనుషుల గురించి అడగకూడదట, కల్పించిన వాళ్ళ గురించే అడగాలట. ఒక్కో పాత్రకి మూడు ముక్కలు. మొదటిది ఆ పాత్రకి ఏం కావాలో, రెండోది దేనికి భయమో, మూడోది ఏం జరగబోతోందో. ఎవరి పాత్రకి వాళ్ళు వేసుకోకూడదు, పక్కవాళ్ళు వేయాలి. పడ్డ ముక్క వెనక్కి తీసుకోకూడదు.

మనిషిని చేయడానికి దేవుడికి మన్ను కావాల్సొచ్చింది. పెట్రాకి అట్టముక్కలు చాలు.

విద్యార్థులు నాతో కలిపి ముగ్గురు. గ్వెండా అనే ఆవిడ చర్చి ఫాదర్లను వరసగా చంపే డిటెక్టివ్ నవల రాస్తూ, క్లాసుకి ఓట్స్ బిస్కెట్లు చేసి తెస్తుంది. నవల కన్నా బిస్కెట్లే మెత్తగా ఉన్నాయి. ఇంకొకాయన నోరిస్ క్రాబ్‌ట్రీ, డెబ్బై నాలుగేళ్ళ రిటైర్డ్ బస్సు డ్రైవరు. హెస్టర్ గ్రీన్‌వుడ్ గారు నవల అచ్చయిన రచయిత్రి అని పెట్రా నన్ను వాళ్ళకి పరిచయం చేసింది. అచ్చయి ఇరవై ఎనిమిదేళ్ళయిందని ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

అక్టోబర్ 10, మంగళవారం

నోరిస్ నవల విన్నాను. ఓపిక ఉంటే ఎవరైనా వినొచ్చు, పదకొండు వందల పేజీలుంది. పద్నాలుగేళ్ళుగా రాస్తున్నాడట. నెపోలియన్ కాలపు యుద్ధాలు. హీరో సార్జెంట్ లార్క్. ఇతనికి ఏమీ కాదు. తూటా వస్తే టోపీలోంచి పోతుంది. గుర్రం చస్తుంది, ఇతను బతుకుతాడు. వంతెన కూలుతుంది, ఇతను అప్పుడే అవతలి ఒడ్డున దిగి ఉంటాడు. ప్రతి చాప్టరు చివరా కూచుని వేడివేడిగా ఏదో ఒకటి తింటాడు.

ఈ రోజు మాంసం పులుసు. అందులో ఏమేం వేశారని గ్వెండా అడిగింది. క్యారెట్లు, ఉల్లిపాయలు, చివర్లో గుప్పెడు బార్లీ అన్నాడు నోరిస్. ఎంతసేపు ఉడకాలో కూడా చెప్పాడు. ఇది యుద్ధమో వంటల పుస్తకమో వాళ్ళిద్దరికీ అక్కర్లేదు.

తర్వాత నా ఐసొబెల్‌కి ముక్కలు వేసే వంతు అతనిది. ఐసొబెల్ నా రెండో నవలలోని మనిషి. పంతొమ్మిదేళ్ళుగా ఒక కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తోంది. వాక్యాలు బాగున్నాయి, మనిషే లేదు అని ఒక పబ్లిషరు తిప్పి పంపింది. ఆవిడకి చదవడం రాదు.

నోరిస్ మూడు ముక్కలూ వేశాడు గానీ వాటివంక చూడనే లేదు. నేను చదివిన పేజీలు విని, ఈవిడ ఏమీ తినదేంటి తల్లీ అని అడిగాడు. ఊళ్ళో ఆడవాళ్ళందరినీ తల్లీ అనే పిలుస్తాడు. సాహిత్యం వేరు, సాపాటు వేరు అన్నాను. టికెట్ పోగొట్టుకున్న వాడి కథ విన్నట్టు విని తల ఊపాడు.

అక్టోబర్ 13, శుక్రవారం

బాయిలర్ బాగైంది.

అక్టోబర్ 17, మంగళవారం

వెళ్ళాను. పోయినవారం గొడుగు అక్కడే మరిచిపోయాను కదా.

అక్టోబర్ 24, మంగళవారం

మళ్ళీ గొడుగు.

లార్క్ మునిగిపోతున్న పడవలోంచి బయటపడ్డాడు. బఠాణీల సూప్. గ్వెండా చప్పట్లు కొట్టింది. పెట్రా కళ్ళు తుడుచుకుంది. ఈ క్లాసులో అందరూ అందరినీ మెచ్చుకుంటారు, గాడిద అందానికి ఒంటె మురిసిపోయిందట, ఒంటె పాటకి గాడిద మురిసిపోయిందట. వాళ్ళ మధ్య కూచుంటే నాకు మెదడు మెత్తబడుతోంది.

ఒక వింత. నోరిస్ గ్వెండా పక్కన కుర్చీ వదిలేసి నా పక్కకి వచ్చి కూచున్నాడు. వచ్చే వారం లార్క్‌కి ముక్కలు నన్నే వేయనివ్వమని పెట్రాని అడిగాడు. అచ్చయిన రచయిత్రి హస్తవాసి కావాలి కాబోలు.

అక్టోబర్ 31, మంగళవారం

దయ్యాల పండగ హాలోవీన్ అని పెట్రా ఈ రోజు మంత్రగత్తె టోపీ పెట్టుకుని వచ్చింది. మామూలు రోజులకీ దీనికీ తేడా టోపీ ఒక్కటే.

ఒక పని చేశాను. రాస్తుంటే ఇంకా నవ్వొస్తోంది.

టీ కోసం అందరూ లేచినప్పుడు బల్లమీద కట్ట తీసి తిరగేశాను. నాకు కావలసింది దొరికింది, పది కత్తుల ముక్క. నేల మీద బోర్లా పడిన మనిషి, వీపులో వరసగా పది కత్తులు. రెండో కత్తికే అయిపోయే పనికి మిగతా ఎనిమిదీ ఎందుకో ఆ బొమ్మ వేసినవాళ్ళకే తెలియాలి. దాన్ని నా నోట్‌బుక్ కింద దాచాను. వంతు వచ్చినప్పుడు కట్ట కలిపి మొదటి రెండూ నిజాయితీగా వేశాను, అవేమిటో కూడా గుర్తు లేదు. మూడోది నోట్‌బుక్ కిందనుంచి వచ్చింది.

పెట్రా గబగబా అందుకుని, దీన్ని చావనే అనుకోనక్కర్లేదు, ఒక దశ ముగిసిందని కూడా చెప్పుకోవచ్చు అంది. పడ్డ ముక్క వెనక్కి తీసుకోకూడదన్నది మీ రూలే కదా అన్నాను నేను. గ్వెండా నావంక అదోలా చూసింది. నోరిస్ మాత్రం ముక్కనే చూస్తూ కూచున్నాడు.

"సరే తల్లీ. పడింది కదా," అన్నాడు.

పదకొండు వందల పేజీల సూప్‌కి ఒక్క ముక్కతో మూత పెట్టాను. ఇంటికొచ్చే దారంతా నవ్వుకున్నాను.

నవంబర్ 7, మంగళవారం

నోరిస్ చదివాడు. రెండే పేజీలు.

యుద్ధం కూడా కాదు. మామూలు రోడ్డు, మంచి ఎండ. లార్క్ మిగతావాళ్ళకన్నా నాలుగడుగులు ముందు నడుస్తున్నాడు. వెనకవాడు ఏదో అంటే నవ్వుతూ తిరిగాడు. అంతే. కత్తుల్లేవు, తూటాల్లేవు, కాలి కింద నేల లేచింది. సాయంత్రం వంటవాడు అలవాటు కొద్దీ లార్క్ వాటా కూడా గిన్నెలో పోసి పక్కన పెట్టాడు. ఆ గిన్నె చల్లారిపోయింది. అక్కడ ఆపాడు.

బాగుంది. రాయక తప్పదు, చాలా బాగుంది. నా ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ గిన్నెలాంటిది ఒక్కటి లేదు. ఒళ్ళు మండింది.

గ్వెండా లేచి బయటికి వెళ్ళిపోయింది. ఏదైనా వంకరమాట అనాలని చూశాను, ఒక్కటీ దొరకలేదు. నోరిస్ కాగితాలు నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో పెట్టుకున్నాడు. బస్సుకి వేళయిందని వెళ్ళిపోయాడు.

నవంబర్ 12, ఆదివారం

బ్రెడ్డు కోసం బయల్దేరితే స్మారక స్తంభం దగ్గర రోడ్డు కట్టేశారు. యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకునే ఆదివారమని మరిచిపోయాను. మేయరు మెడలో గొలుసు, అందరి కోట్లకీ ఎర్రటి కాగితం పువ్వులు. ఏటా ఈ ఒక్క రోజు తెచ్చిపెట్టుకునే ఆ మొహాలంటే నాకు పడదు. ఒక పక్కన నిలబడి వాళ్ళు తెమిలేదాకా చూస్తున్నాను.

దండలు పెట్టే వరసలో నోరిస్ ఉన్నాడు. కోటుకి కుడివైపు రెండు పతకాలు. తనవైతే ఎడమవైపు పెట్టుకోవాలి. కుడివైపు పెట్టుకున్నాడంటే అవి ఇంట్లో పోయినవాళ్ళవి.

గ్వెండా నా పక్కనే ఉంది. ఎవరివని అడిగాను. ఆమె నన్ను మనిషిని చూసినట్టు చూడలేదు. కొడుకు లూక్‌వి అంది. సార్జెంట్. అఫ్గానిస్తాన్‌లో ఎండపూట రోడ్డు మీద నడుస్తుంటే కాలి కింద మందుపాతర పేలింది. ఇరవై ఆరేళ్ళు. పద్నాలుగేళ్ళయింది. అక్కణ్ణుంచి ఫోన్ చేసినప్పుడల్లా నోరిస్ అడిగే మొదటి మాట ఒకటేనట, వేడిగా ఏమైనా తిన్నావా అని. కొడుకుని పూడ్చిన నెలకి ఈ నవల మొదలుపెట్టాడు. వారం వారం వాణ్ణి తూటాల్లోంచి తప్పించి ఇంత తిండి పెడుతూ వచ్చాడు. క్లాసులో అందరికీ తెలుసు. నీకూ తెలిసే ఆ రోజు రూలు మాట ఎత్తావనుకున్నాం అంది.

తెలిసేనట.

బ్రెడ్డు కొనకుండా ఇంటికొచ్చాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ పిల్లిని నేను. నాకు సిగ్గుగా ఉంది. ఈ మాట ఈ డైరీలో ఇంతకుముందెప్పుడూ రాయలేదు, వెనక్కి తిరగేసి చూశాను.

నవంబర్ 14, మంగళవారం

నోరిస్ రాలేదు. ఇక రాయడానికేమీ లేదని ఫోన్ చేశాడట. తప్పంతా తన ముక్కలదే అని పెట్రా కుమిలిపోతోంది. బతికున్నవాళ్ళ గురించి అడగొద్దన్నాను గానీ, పోయినవాళ్ళ సంగతి చెప్పడం మరిచాను అంది. ఇక కట్ట బయటికి తీయనంది. వేళ్ళకి ఉంగరాలు కూడా సగమే ఉన్నాయి.

అది పడ్డ ముక్క కాదు, పెట్టిన ముక్క అని చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. బిస్కెట్ తిన్నాను.

నవంబర్ 15, బుధవారం

చెప్తే అతను లార్క్‌ని బతికించుకోవచ్చు. దొంగ ముక్క చెల్లదు, ఆ రెండు పేజీలూ చింపేస్తే చాలు. చెప్పకపోతే నా పరువు మిగులుతుంది. ఏం పరువో.

నవంబర్ 16, గురువారం

వెళ్ళాను. కాలవ పక్కన వరస ఇళ్ళలో చివరిది. నోరిస్ చేతిలో గరిటెతోనే తలుపు తీశాడు. వంటింట్లో కూచోబెట్టాడు. ఎదురుగా అల్మారాలో ఆ పదకొండు వందల పేజీలు, బూట్ల పెట్టెల్లో.

నిలబడే చెప్పి వెళ్ళిపోదామనుకున్నాను గానీ అతను వినకుండా కుర్చీ లాగాడు. ముక్క నేనే దాచానని చెప్పాను. వెక్కిరించడానికే చేశానని చెప్పాను. లూక్ సంగతి తెలియదని కూడా చెప్పబోయి మానేశాను, అది సాకులా వినిపిస్తుంది. లార్క్‌ని మళ్ళీ బతికించుకోండి, ఆ ముక్క లెక్కలోకి రాదు అన్నాను.

అతను పొయ్యి మంట తగ్గించాడు.

"నువ్వు దాచడం చూశాను తల్లీ. బయట చీకటి పడింది కదా, కిటికీ అద్దంలో నీ చెయ్యి కనబడింది. ముప్పై ఒక్కేళ్ళు అద్దాల్లో చూసుకుంటూ బస్సు నడిపినవాణ్ణి."

మరి ఎందుకు రాశారని అడిగాను.

ఆ రోడ్డు రాయాలని తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాడట. ప్రతిసారీ కలం దగ్గరికొచ్చేసరికి వాణ్ణి పక్కకి లాగేసేవాడు, కూచోబెట్టి తిండి పెట్టేసేవాడు. వాడు నిజంగా ఎలా పోయాడో ఒక్కసారైనా వాడితో నడిచి చూడలేదన్న బాధ ఒకటి ఉండిపోయింది. ఎవరైనా ముక్క వేస్తే తప్ప తన చేత కాదని తెలుసు. పెట్రా మనసు మెత్తన, వేసినా సర్దిచెప్పేస్తుంది. గ్వెండా ఏడ్చేస్తుంది.

"నీకు జాలి లేదని మొదటి రోజే కనిపెట్టాను. అందుకే నీ పక్కకొచ్చి కూచున్నా," అన్నాడు.

తిట్టలేదు. ఇనుప సామాన్ల కొట్లో మంచి కత్తి అడిగి తీసుకున్నవాడిలా అన్నాడు. అతను తిట్టి ఉంటే నేను ఇంటికి మామూలుగా వచ్చేదాన్ని.

ఇక ఏం రాస్తారని అడిగాను. ఏమీ రాయడట. నిద్ర పడుతోందట. మంగళవారం క్లాసుకి మాత్రం వస్తానన్నాడు, గ్వెండా బిస్కెట్ల కోసం. పెట్రాకి నువ్వే చెప్పు, పాపం ఆ పిల్ల ఉంగరాలు తీసేసిందట కదా అన్నాడు.

వచ్చేస్తుంటే ఒక డబ్బాలో పులుసు పోసి ఇచ్చాడు. చివర్లో గుప్పెడు బార్లీ.

నవంబర్ 17, శుక్రవారం

పెట్రాకి చెప్పాను. నన్ను కావలించుకుంది. ఇలాంటివాళ్ళతో ఎలా వేగడం.

నవంబర్ 18, శనివారం

అరవై రెండేళ్ళలో నా గుణం చూసి, నమ్మి, ఒకరు నాకు పని అప్పగించడం ఇదే మొదటిసారి. ఆ గుణం ఇది.

నవంబర్ 21, మంగళవారం, ఉదయం

నా రెండో నవల ముందేసుకుని కూచుంటే ఐసొబెల్ కిటికీ దగ్గర్నుంచి కదిలింది. నేను చెప్పలేదు. పొయ్యి వెలిగించి, రెండు గిన్నెలు తీసి బల్లమీద పెట్టింది.

రెండోది ఎవరికని అడిగాను.

కూచో, చల్లారిపోతుంది అంది.