గాలిమర ఉన్నచోట

చిరంజీవి తమ్ముడు ఓరిన్‌కి,

అక్క ఎర్మా దీవించి రాసేది. ఇక్కడ నేనూ, నా పిల్లీ, నా మోకాళ్ళూ ఉన్నంతలో క్షేమం. అక్కడ ఆరెగాన్‌లో నువ్వూ, మరదలు హేజెలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. అక్షరాలు వంకరగా ఉంటే నన్ను తిట్టకు, కుర్చీ సమంగా లేదు. ఒళ్ళో రొట్టెలపీట పెట్టుకుని ఆరుబయట కూర్చుని రాస్తున్నాను. శనివారం పొద్దున తొమ్మిదయింది. ఎండ బాగానే ఉంది, గాలి మాత్రం చల్లగా కొడుతోంది. అక్టోబరులో మన కాన్సాస్ సంగతి నీకు చెప్పేదేముంది.

నీ ఉత్తరం సోమవారం అందింది. మూడు ప్రశ్నలు అడిగావు. మొదటిది నా తుంటి సంగతి. డాక్టరు కొయ్యాలంటున్నాడు, నేను చలికాలం పోనీ అంటున్నాను. ప్రస్తుతానికి చేతికర్రతో నెట్టుకొస్తున్నాను. రెండోది లైలాక్ పొద. అది నిక్షేపంలా ఉంది. ముత్తవ్వ నాటిన పొద కనక కౌంటీ వాళ్ళు దాని జోలికి పోలేదు, పైగా మన ఇల్లు బండ్ల మజిలీగా ఉన్న కాలం నాటిదని పక్కనే ఒక చెక్క పలక పాతారు. అమ్మ బతికుంటే రోజూ ఆ పలక తుడిచేది.

మూడో ప్రశ్న నువ్వు కాగితం అంచున ఇరికించి రాశావు. "గాలిమర పీకేశారన్నావు, మరి దాని కింద బావిని ఏం చేశారు?" అని. దానికి చివర్లో జవాబు రాస్తాను. ఇప్పుడే రాయడానికి చెయ్యి రావడం లేదు.

నువ్వు వచ్చి వెళ్ళి పదకొండేళ్ళయింది. ఇప్పుడొస్తే మన ఇంటికి నువ్వే దారి అడగాలి. మూడేళ్ళ కిందట నేను ఇల్లూ కమతమూ కౌంటీకి రాసిచ్చాను కదా, వాళ్ళు దాన్ని అచ్చం పాతకాలపు గుర్రపుబండ్లు ఆగే స్టేజ్‌కోచ్ మజిలీగా మార్చేస్తామని 1865 తర్వాత వచ్చిన ప్రతిదాన్నీ ఊడబీకారు. నాన్న వేసిన వసారా, అమ్మ వంటగది, కరెంటు స్తంభం, గాలిమర, అన్నీ పోయాయి. మనం పుట్టిందీ పెరిగిందీ మీజిల్స్ వచ్చి పడుకుందీ అంతా "తర్వాత వచ్చింది" కిందికే పోయింది. ఉన్నదల్లా ముత్తాత రాతి ఇల్లు, గుర్రాల కొట్టం, లైలాక్.

అయినా ప్రతి ఆదివారం వెళ్తూనే ఉన్నాను. వెళ్ళకుండా ఉండలేను, వెళ్తే కడుపు మండుతుంది. పాతకాలం వేషంలో గుడ్డ టోపీ పెట్టుకున్న ఒక కాలేజీ పిల్ల పొయ్యి దగ్గర నిలబడి, "మామ్మా, మీకు తెలుసా? ఆ రోజుల్లో ఈ ఇంటావిడ బండి దిగినవాళ్ళకి రోజూ నలభైమందికి వండేది!" అంది.

"తెలుసమ్మా. ఆవిడ మా ముత్తవ్వ" అన్నాను.

"అబ్బ, భలే జోకులేస్తారే!" అని నా చేతిలో ఒక రొట్టె పెట్టింది. దానికంటే రాయి నయం, ముత్తవ్వ చేతి రొట్టె అయితే కాదు.

ఇప్పుడు అసలు సంగతి. పెరట్లో నేలంతా చదును చేసి, కంకర పోసి, నాలుగు గుర్రాల బండి తిప్పడానికి గుండ్రంగా బాట వేశారు. తోలేవాడు వెర్లిన్. మన పాత పొరుగు ఆల్విన్ కొడుకే, నీకు గుర్తుండాలి, చిన్నప్పుడు మన పుచ్చకాయలు దొంగిలించి నీ చేతిలో తన్నులు తిన్నవాడు. ఇప్పుడు వాడికీ గడ్డం నెరిసింది. గుర్రాల సంగతి మాత్రం వాడికి తెలిసినట్టు ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలీదు.

మొన్న ఏప్రిల్‌లో మొదటిసారి చూశాను. బండి తిరిగి తిరిగి లైలాక్ పొద దాటాక, ముందు వరసలో కుడివైపు ఆడగుర్రం జూనో ఠక్కున ఆగిపోయింది. చెవులు వెనక్కి వాల్చి, ముందుకాళ్ళు కొయ్యల్లా బిగబట్టి నిలబడింది. బండిలో పిల్లలు కిలకిలా నవ్వారు.

"దీనికేమయిందిరా?" అనడిగాను.

"ఏముంది పెద్దమ్మా, పెళ్ళికూతురు బెట్టు చేస్తోంది. నీడ చూసి జడుసుకుంటుంది" అన్నాడు వెర్లిన్.

అప్పుడు మిట్టమధ్యాహ్నం. నీడ లేదు. ఇంటికొచ్చి కాఫీ తాగి మరిచిపోయాననుకున్నాను.

మరిచిపోలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం అక్కడే నిలబడి చూశాను. జూనో ప్రతిసారీ అక్కడే ఆగింది. జూన్‌లో దాని కళ్ళకి గంతలు కట్టారు. గంతలు కట్టినా ఆగింది. చివరికి వెర్లిన్ బాటని నాలుగడుగులు పక్కకి జరిపాడు, అప్పుడు నడిచింది గాని బెదురుతూనే నడిచింది. సెప్టెంబరులో మూడు రోజులు వాన కురిసింది. పెరడంతా మడుగులు కట్టింది. ఒక్క చోట మాత్రం చుక్క నీరు నిలవలేదు, పడ్డది పడ్డట్టే లోపలికి పోయింది. బండి ఆ దగ్గర్లో నడిచినప్పుడు చప్పుడు మారుతుంది తమ్ముడూ. ఖాళీ పీపా మీద చేత్తో కొట్టినట్టుంటుంది. ఇన్ని వందలమందిలో ఎవరికీ వినపడదేం అనుకుంటూ ఇటూ అటూ చూసేదాన్ని. అందరూ ఫొటోలు తీసుకుంటూ ఉండేవాళ్ళు.

నీకు గుర్తుందా, మన ఊళ్ళకి కరెంటు వచ్చిన ఏడాది? నాన్న ఇంటి పక్కన బోరు వేయించి, గాలిమర కింద ముత్తాత తవ్విన బావిని మూశాడు. అరవై అడుగుల బావి. పాత బండి తొట్టి పలకలు అడ్డంగా పరిచి, మీద మట్టి కప్పారు. పలకలు మోసింది నువ్వు, నీకప్పుడు పద్నాలుగేళ్ళు. కాఫీ తెచ్చిచ్చింది నేను. "తీరిక దొరికితే రాళ్ళతో పూడుద్దాం" అన్నాడు నాన్న. ఆ తీరిక ఆయనకి చచ్చేదాకా దొరకలేదు. "ఈ పలకలు మన ముగ్గురికంటే ఎక్కువకాలం ఉంటాయిలే" అని కూడా అన్నాడు. గాలిమర నాలుగు కాళ్ళే దానికి కంచె. వాటి మధ్య అడుగుపెడితే తోలు తీస్తాననేవాడు, మనం ఎప్పుడూ పెట్టలేదు. ఆ గాలిమరే లేకపోతే బావి ఎక్కడుందో ఎవరికి తెలుసు? నాకే తెలియలేదు. కంకర పోశాక పెరడంతా ఒకేలా ఉంది.

అందుకే మొన్న బుధవారం పీచ్ చెట్టు నుంచి పంగల కర్ర కోసుకుని వెళ్ళాను. నాన్న ఆ కర్రతో జిల్లా అంతా తిరిగి జనానికి నీళ్ళు చూసిపెట్టాడు, నాకూ పట్టడం నేర్పాడు. రెండు చేతుల్తో పట్టుకుని, మొన భూమికి సమంగా ఉంచి, లైలాక్ నుంచి అడుగులో అడుగు వేస్తూ నడిచాను. ఆ రోజు ఎక్కడో స్కూలు పిల్లలు వచ్చారు. వాళ్ళ టీచరు చూసి, "పిల్లలూ, ఇటు చూడండి! పాతకాలంలో నీళ్ళు ఇలాగే వెతికేవాళ్ళు" అంది. నేనూ ప్రదర్శనలో భాగమే అనుకుంది. వద్దు వద్దంటున్నా పిల్లలు నా వెనక కోడిపిల్లల్లా వరసకట్టారు. పాతికమంది ఉంటారు. చప్పట్లు కొడుతూ, ఎగురుతూ వచ్చారు.

కర్ర నా చేతుల్లో గిర్రున తిరిగి కిందికి వాలింది. నా కాళ్ళ కింద నేల మెత్తగా ఉంది. పిల్లలు నా చుట్టూ గెంతుతున్నారు.

అరిస్తే ఒక్కసారిగా పరిగెడతారని భయం. "బంగారు కొండలూ, నీళ్ళు కావాలంటే చప్పుడు చెయ్యకూడదు. వేళ్ళ మీద నడుచుకుంటూ ఒక్కొక్కళ్ళే ఆ పొద దగ్గరికి వెళ్ళండి. ముందు ఎవరెళ్తారు?" అన్నాను. ఆట అనుకుని వెళ్ళారు. చివరి పాప వెళ్ళేదాకా నేను అక్కణ్ణుంచి కదలలేదు.

అక్కణ్ణుంచి నేరుగా ప్రిచర్డ్ ఆఫీసుకి వెళ్ళాను. మజిలీ చూసుకునే పెద్దమనిషి అతను. చెడ్డవాడు కాదు, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే గడియారం చూసుకునే రకం.

"అక్కడ బావి ఉంది. బండి ఆపించు, ఎవరూ అడుగు పెట్టకుండా చుట్టూ తాడు కట్టించు" అన్నాను.

"ఎర్మా గారూ, కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా?"

"నాకు నీళ్ళెందుకయ్యా, నేను నీకు నీళ్ళు ఎక్కడున్నాయో చెప్తున్నాను."

అతను నవ్వి, అలమారలోంచి ఒక ఫైలు తీసి నా ముందు పెట్టాడు. "ఇది మీరు పూర్తిచేసిన కాగితమే. బావులు, గోతులు, పూడ్చినవి ఏమైనా ఉన్నాయా అని అడిగాం. లేవు అని రాశారు. సంతకం మీదే కదా?"

"నాదే. అబద్ధం రాశాను."

"చూడండి, ఆ గాలిమర కోసం మీరు మూడేళ్ళుగా మాతో పోట్లాడుతున్నారు. పేపరుకి రాశారు, మీటింగులో నన్ను దొంగ అన్నారు. ఇప్పుడు పంగల కర్ర పట్టుకొచ్చి బావి ఉందంటున్నారు. సోమవారం రండి, ఇంజనీరుని పిలిపిస్తాను. శనివారం కోతల పండగ మాత్రం ఆపలేను. ఆరు స్కూళ్ళ పిల్లలు వస్తున్నారు."

షెరీఫుకి ఫోన్ చేస్తే, అతను ప్రిచర్డ్‌కి ఫోన్ చేసి కనుక్కుని, "సోమవారం చూస్తారటగా మామ్మా" అన్నాడు. నీకు నిన్న మూడుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. చేపలకి వెళ్ళుంటారు.

ఇన్నాళ్ళూ నీకు చెప్పనిది ఇదే తమ్ముడూ. మరిచిపోయి రాయలేదు ఆ "లేవు" అని. నాకు బాగా గుర్తుండే రాశాను. అమ్మ వంటగది పడగొట్టిన రోజు అది. ఆవిడ నలభై ఏళ్ళు గిన్నెలు తోమిన తొట్టిని లారీలోకి విసిరారు, అది రెండు ముక్కలైంది. నేను ఏడుస్తుంటే ఒక అమ్మాయి భుజం తట్టి, "ఇది చరిత్ర కాదండీ, బాధపడకండి" అంది. అదే అమ్మాయి అయిదు నిమిషాల తర్వాత ఈ కాగితం ఇచ్చింది. అంతా మీకే తెలుసు కదా, ఇదీ మీరే తెలుసుకోండి అనుకున్నాను. కోపం వస్తే మన వంశంలో ఎవరికీ ఒళ్ళు తెలీదు. ఎవరి పిల్లలు ఆ మట్టి మీద నడుస్తారో ఆ క్షణంలో నాకు తట్టలేదు. తర్వాత తట్టింది. తట్టాక కూడా మూడేళ్ళు నోరు విప్పలేదు, సిగ్గుతో. నా నోరు విప్పించడానికి ఒక గుర్రం కావలసి వచ్చింది.

సరే, నీ మూడో ప్రశ్న. గాలిమర తీశాక బావిని ఏం చేశారంటే, ఏమీ చెయ్యలేదు. దాని మీద నేను కూర్చున్నాను.

పొద్దున్నే నేనిప్పుడుంటున్న ఇంట్లోంచి వంటింటి కుర్చీ తెచ్చి, బుధవారం కర్ర వాలిన చోట వేసుకున్నాను. నడిమధ్యలో మనిషి కూర్చుంటే బండి ఎలా తోలతారో చూద్దామని. గుర్రం కంటే నేను తేలిక, పిల్లలకంటే ముసలిదాన్ని. పలకల పొడవెంతో నీకొక్కడికే తెలుసు, అందుకే అంచు ఎక్కడో నాకు తెలీదు. మొదట జనం నవ్వారు. ఒకాయన నా ఫొటో తీసి, "మామ్మా, ఇంకొంచెం కోపంగా!" అన్నాడు.

వెర్లిన్ బండి దిగి లైలాక్ దాకా వచ్చి ఆగాడు. "పెద్దమ్మా, ఒట్టేసి చెప్పు. నిజంగా ఉందా?"

"నీ జూనోని అడగరా" అన్నాను.

వాడు నావైపు చూశాడు, గుర్రం వైపు చూశాడు. మారుమాట లేకుండా వెళ్ళి నాలుగు గుర్రాల్నీ విప్పేశాడు. ఇప్పుడు కళ్ళాలు ముడేసి తాడులా పట్టుకుని పిల్లల్ని పొదకి అవతలే ఆపుతున్నాడు. ఇవాళ్టికి బండి నడవదు. ఆ మాట రాస్తుంటే నాకు ఏడుపొస్తోంది, సంతోషంతోనే.

అయితే ప్రిచర్డ్ వస్తున్నాడు. వెంట ఇద్దరు మనుషులు ఉన్నారు, ఇద్దరూ భారీ మనుషులే. నన్ను కుర్చీతో సహా ఎత్తి నీడలో కూర్చోబెడతారట. "అందరూ కలిసి రావద్దు! ఒక్కరే రండి, పొద వైపు నుంచి రండి!" అని అరిచాను. నవ్వుతూ చెయ్యి ఊపారు. అడ్డదారినే వస్తున్నారు. నేను లేవబోయాను, కింద ఏదో టప్‌మంది. మళ్ళీ మెల్లగా కూర్చున్నాను. వెర్లిన్ కూడా వాళ్ళని చూసి కేకలేస్తున్నాడు.

ఉత్తరం మొదలుపెట్టినప్పుడు కుర్చీ వెనక కాలు ఒక్కటి బొటనవేలంత దిగి ఉంది. ఇప్పుడు రెండూ బెత్తెడు దిగాయి.

కవరు మీద నీ అడ్రసు ముందే రాసి స్టాంపు అంటించాను. చేతికర్రకి చుట్టి వెర్లిన్ వైపు విసురుతాను, వాడు పోస్టులో వేస్తాడు. ఇది అందగానే కౌంటీ ఆఫీసుకి పంపించు. మూడేళ్ళ కిందటి కాగితం పక్కన ఇది పెట్టుకోమని చెప్పు. బావి ఉంది అని రాసింది కూడా నేనే, సంతకం కూడా అదే, పోల్చి చూసుకోమను.

ఇట్లు,
నీ అక్క,
ఎర్మా టాల్‌కాట్